చదివామనే మాట ఎప్పుడు నిజమవుతుంది?

తొమ్మిదో తరగతి పిల్ల ఇంగ్లీషు వాచకంలో ఒక పేజీని ఎక్కడా ఆగకుండా, గొంతు వణక్కుండా చదివింది. టీచరు 'వెరీ గుడ్' అన్నారు. పిల్ల కూర్చుంది. ఆ పేజీలో ఏముందని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆ పిల్ల చెప్పగలిగేది కాదు. ఇప్పుడు ఆ పిల్ల ఆ పేజీ చదివినట్టా, చదవనట్టా?

మన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో, జిల్లా పరిషత్ బడుల్లో రోజూ జరిగేదే కాబట్టి దీన్ని ప్రశ్నగా ఎవరూ చూడరు. చూసినా పాఠం చెప్పే పద్ధతిలో చిన్న లోపంగా చూస్తారు, ఒక రోజు శిక్షణతో సరిపోతుందనుకుంటారు. మేము దీన్ని మంచి చెడ్డలకు సంబంధించిన ప్రశ్నగా అడగదలచుకున్నాం. 'చదివాను' అనడం ఒక విధంగా సాక్ష్యం చెప్పడమే. మన పెద్దలు కాగితం మీద వేలిముద్ర వేసినప్పుడు దాని పైన 'చదివి వినిపించగా విని' అనే మాట రాసి ఉండేది. వినడం నిజం. విన్నది తెలిసిందా అన్న సంగతి ఆ కాగితానికి పట్టలేదు. ఆ తరంలో పోయిన భూములు ఆ ఒక్క మాట చాటునే చాలా పోయాయి. ఈ తరం వేలిముద్ర వేయదు, సంతకం చేస్తుంది, పైగా పైకి చదివి మరీ సంతకం చేస్తుంది. తేడా ఎంత అన్నదే మా ప్రశ్న.

ఈ ప్రశ్నను అడవిలో కాకుండా హైదరాబాదు పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో పెట్టి చూస్తున్నాం. దానికి కారణం ఉంది. మన పిల్లలకు ఇంగ్లీషు చదవడం రాలేదంటే చెప్పే కారణాలు అందరికీ కంఠస్థం: మారుమూల, రోడ్డు లేదు, తల్లిదండ్రులు చదువుకోలేదు, 'వాళ్ళ బుర్రకు ఎక్కదు'. చివరిది బయట అనరు, స్టాఫ్ రూములో అంటారు. హుస్సేనీ ఆలం మారుమూల కాదు. చార్మినారు దగ్గర లాడ్ బజారు దాటి పడమరగా నడిస్తే వస్తుంది. ఖిల్వత్, చౌమహల్లా ప్యాలెస్ ఆ పక్కనే. మొహర్రంలో నిలిపే ఆలం వల్ల ఆ బస్తీకి ఆ పేరు. పీర్ల పండుగ ఎరిగిన మన పల్లెవాళ్ళకు ఆ మాట కొత్తేమీ కాదు. అక్కడ ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉంది, బడులున్నాయి, బస్సులున్నాయి, దుకాణాల బోర్డుల మీద మూడు లిపులున్నాయి. మాలో కొందరం పట్నంలో బీఎడ్ చేసినప్పుడు ఆ చుట్టుపక్కల బడులకు టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్ళాం. అక్కడా పిల్లలు గడగడా చదివారు. అక్కడా అడిగితే తలలు దించుకున్నారు. అడవిలో ఉండడం వల్ల వచ్చిన జబ్బే అయితే చార్మినారు నీడలో అది ఎందుకుంది?

ఆ పిల్లల భాషల లెక్క వింటే మన పిల్లలదే అనిపిస్తుంది. ఇంట్లో దక్కనీ. అది పుస్తకాల ఉర్దూ కాదు, 'నక్కో', 'హవ్', 'కైకు' అనే బజారు ఉర్దూ. బడిలో పుస్తకాల ఉర్దూ, లేకపోతే నేరుగా ఇంగ్లీషు మీడియం. 2018లో వచ్చిన చట్టంతో రాష్ట్రంలోని బడులన్నిటిలో తెలుగు తప్పనిసరి కాబట్టి తెలుగు కూడా. సాయంత్రం ఖురాను చదవడానికి అరబీ. మన వైపు చూస్తే ఇంట్లో గోండీ, కొలామీ, కోయ, సవర, లంబాడీ, అంగట్లో ఊరి తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు, హిందీ, ఆపైన ఇంగ్లీషు. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు అచ్చువేశారు. మంచి ఆలోచనే. కాకపోతే ఇంట్లో గోండీ మాట్లాడే పిల్లకు ఆ పుస్తకంలో రెండు పేజీలూ పొరుగువాళ్ళవే. ఒక పేజీ దగ్గరి పొరుగు, ఇంకోటి దూరపు పొరుగు, అంతే తేడా.

అక్కడి బడిలో జరిగిన చిన్న సంగతి ఒకటి చెప్పాలి. పాఠం చదివాక ఒక అమ్మాయిని, ఏం అర్థమైందో ఉర్దూలోనే చెప్పమన్నాం. ఆ అమ్మాయి కాసేపు చూసి, 'పఢ్నా ఆతా మేడం, సమఝ్‌మే నై ఆతా' అంది. చదవడం వస్తుంది, అర్థం కాదు. క్లాసు నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు, సిగ్గూ పడలేదు, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. ఏళ్ళ తరబడి క్లాసుల్లో 'అర్థమైందా?' అని అడిగితే 'అర్థమైంది సార్' అనే కోరస్ విని విని ఉన్న మాకు ఆ వాక్యం కొత్తగా వినిపించింది. చదవడం, అర్థం కావడం రెండు వేరు పనులని ఆ అమ్మాయికి ఎవరు నేర్పారు?

తరవాత తెలిసింది, ఆ బస్తీలో ఆ తేడా అందరికీ తెలుసని. అరబీ అక్షరాలు చూసి సరైన ఉచ్చారణతో ఖురాను చదవడాన్ని నాజిరా అంటారు. కంఠతా పట్టడం హిఫ్జ్. అర్థాన్ని తమ భాషలో చెప్పడం తర్జుమా. వివరించి చెప్పడం తఫ్సీర్. ఒక పిల్ల నాజిరా పూర్తి చేస్తే ఇంట్లో సంతోషపడతారు, మిఠాయి పంచుతారు. ఆ పిల్లకు అరబీ వచ్చేసిందని మాత్రం ఎవరూ అనుకోరు, ఆ పిల్లా అనుకోదు. అందులో మోసం లేదు. ఏ పనికి ఆ పేరు ఉంది, ఏ పేరుకు ఆ గౌరవం ఉంది. వేదం చదివేవాళ్ళలోనూ స్వరం తెలిసినవాళ్ళు వేరు, అర్థం తెలిసినవాళ్ళు వేరు. మన ఊళ్ళలో పూజారి దేవర దగ్గర చెప్పే పాత మాటల్లో కొన్నిటికి అర్థం ఆయనకే తెలియదు. అడిగితే దాచకుండా 'మా తాత చెప్పినట్టు చెబుతున్నా' అంటాడు.

కాబట్టి అర్థం తెలియకుండా పైకి చదవడంలోనే తప్పుందని మేము అనడం లేదు. మన ఇంగ్లీషు క్లాసులో ఈ నాలుగు పనులకూ కలిపి 'రీడింగ్' అని ఒకే మాట ఉంది. నాజిరా చేసిన పిల్లకు తర్జుమా చేసినట్టు మార్కులు వేస్తాం. 'ఈ పిల్లకు రీడింగ్ వచ్చు' అని రిజిస్టరులో రాస్తాం. ఆ రాత అబద్ధం. పిల్ల చెప్పిన అబద్ధం కాదది, మనం రాసినది.

పరీక్ష కూడా ఈ అబద్ధానికి తోడు వస్తుంది. పదో తరగతి ఇంగ్లీషు పేపరులో పేరా ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. పిల్లలకు మనమే కిటుకు నేర్పుతాం: ప్రశ్నలో ఉన్న మాటను పేరాలో వెతుకు, ఆ వాక్యం దించెయ్. ఇది ఎంత బాగా పనిచేస్తుందో చూడండి. 'లొమటం నిన్న తోటుకుల్ని బిరికింది.' ప్రశ్న: తోటుకుల్ని బిరికింది ఏది? జవాబు: లొమటం. ఎప్పుడు బిరికింది? నిన్న. పూర్తి మార్కులు. ఈ మాటలు మేము ఇప్పుడే కల్పించినవి, వీటికి అర్థం లేదు. అయినా మీరు కాంప్రహెన్షన్ పాసయ్యారు.

లెక్కలు కూడా ఉన్నాయి. ప్రథమ్ సంస్థ తరఫున వచ్చిన అసర్ 2023 నివేదికలో, గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ళ వాళ్ళ చేత ఇంగ్లీషు వాక్యాలు చదివించి చూశారు. చదవగలిగినవాళ్ళు 57.3 శాతం. అలా చదివినవాళ్ళలో అర్థం చెప్పగలిగినవాళ్ళు 73.5 శాతం. నూరు మంది పిల్లలుంటే యాభై ఏడు మంది చదివారు, నలభై రెండు మంది అర్థం చెప్పారు. మధ్యలో ఉన్న ఆ పదిహేను మంది సంగతే మేము మాట్లాడుతున్నది. బొత్తిగా చదవలేని నలభై మూడు మంది కష్టం పెద్దదే, కానీ అది అందరికీ కనిపిస్తుంది. ఈ పదిహేను మంది మాత్రం అన్ని రిజిస్టర్లలో వచ్చినవాళ్ళ కిందే ఉంటారు. వాళ్ళ కోసం ఎవరూ ఏమీ చేయరు.

ఇదంతా మార్కుల గొడవే అయితే ఇంత రాయవలసిన పని లేదు. హుస్సేనీ ఆలం నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో మూసీ ఒడ్డున హైకోర్టు ఉంది. 1920 నుంచి ఆ భవనంలో తీర్పులు వెలువడుతున్నాయి. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారం ఇంగ్లీషులో నడుస్తుంది. తీర్పులకు తెలుగు అనువాదాలు అక్కడక్కడ వస్తున్నా, తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే లెక్కలోకి వస్తుంది. మన భూమి, మన అడవి, మన ఉద్యోగం గురించి చివరి మాట పలికేది ఆ భాషలోనే. ఆ గోడ పక్కనే పెరిగిన పాతబస్తీ పిల్లలకూ, జోడేఘాట్ దగ్గర పెరిగిన పిల్లలకూ ఆ మాట ఒకే దూరంలో ఉంది.

ఆ దూరం కొన్నిసార్లు రెండు అక్షరాలంత ఉంటుంది. 1996 నాటి పెసా చట్టంలో, షెడ్యూల్డు ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో 'కన్సల్ట్' చేయాలని ఉంది. 2013 భూసేకరణ చట్టంలో షెడ్యూల్డు ప్రాంతాలకు సంబంధించి 'కన్సెంట్' కావాలని ఉంది. వేగంగా చదివితే రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఒకదానికి అర్థం అడగడం, ఇంకోదానికి ఒప్పుకోవడం. అడిగి, 'వద్దు' అన్నా తీసుకుంటే మొదటి మాట ప్రకారం అడిగినట్టే. రెండో మాట ప్రకారం ఒప్పుకోకపోతే తీసుకోవడానికి వీల్లేదు. ఊళ్ళో మీటింగు పెట్టి కాగితం చదివి వినిపించినప్పుడు, మన డిగ్రీ పిల్లవాడు ముందుకొచ్చి ఆ కాగితాన్ని గడగడా చదివేసి 'అంతా బాగానే ఉంది' అంటే ఊరంతా అతన్ని నమ్ముతుంది. నమ్మడంలో ఊరి తప్పు లేదు.

మన టీచర్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ జీవో నంబరు 3. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న వచ్చిన ఉత్తర్వు అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ రోజు నుంచి ధర్నాలు చేశాం, వినతిపత్రాలు ఇచ్చాం. వందకు పైగా పేజీలున్న ఆ తీర్పును చదివినవాళ్ళం మనలో ఎందరం? పత్రికలో వచ్చిన నాలుగు పేరాలే చాలామందికి తెలుసు. ఆ తీర్పులో మన గురించి, మన జీవన విధానం గురించి చెప్పిన వాక్యాలున్నాయి. 'ప్రిమిటివ్' అనే మాట ఉంది. మమ్మల్ని ఉద్దేశించి రాసినచోట 'దే' అని ఉంది, వాళ్ళు అని.

పదో తరగతి పేపరులో ఈ ప్రశ్న తరచూ వస్తుంది: ఫలానా వాక్యంలో 'దే' అంటే ఎవరు? ఒక మార్కు. ఎన్నో ఏళ్ళుగా ఈ ప్రశ్నను పిల్లలకు సాధన చేయించాం. రైతులు, సైనికులు, పక్షులు, ఇలా ఏదో ఒకటి రాయించాం. ఆ తీర్పు ముందు పెట్టుకుని అదే ప్రశ్న అడిగితే జవాబు మనం. ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్న చోట మనం వాళ్ళం అయిపోయాం అని తెలియడమే ఆ ఒక మార్కు. అది తెలిస్తేనే, ఆ వాక్యం సరైనదా కాదా అని ఎదురు అడగడానికి వీలవుతుంది. 1946 డిసెంబరులో జైపాల్ సింగ్ ముండా రాజ్యాంగ సభలో లేచి నిలబడి ఆదివాసుల తరఫున ఇంగ్లీషులో మాట్లాడారు. ఆయన ఆక్స్‌ఫర్డులో చదివారు, 1928 ఒలింపిక్స్‌కు హాకీ జట్టు నాయకుడు. ఆయన ఇంగ్లీషు ఎంత దర్జాగా ఉండేదో చెప్పుకుంటాం గానీ, తన ముందు పెట్టిన తీర్మానాన్ని ప్రతి మాటా పట్టి చూసి, ఇందులో మా వాళ్ళకు ఏముందని అడిగిన చదువరి ఆయన అన్న సంగతి తక్కువ చెప్పుకుంటాం.

కాగితాల భాష మన భాష కాకపోవడం ఇంగ్లీషుతో మొదలు కాలేదు. నిజాం రాజ్యంలో మొదట పార్సీ, 1880ల నుంచి ఉర్దూ దర్బారు భాష. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఉర్దూలోనే పై చదువులు చెప్పించారు, పుస్తకాలు అనువదించడానికి ప్రత్యేకంగా ఒక శాఖనే నడిపారు. అంటే ఒకప్పుడు హుస్సేనీ ఆలం సందుల్లో వినిపించే భాషకు దగ్గరి భాషలోనే ఆదిలాబాదు గోండుల పట్టాలు, అటవీ హద్దులు రాసేవారు. కొమురం భీము అచ్చు యంత్రం దగ్గర పనిచేస్తూ చదవడం నేర్చుకున్నాడని మన పెద్దలు చెబుతారు. ఇప్పుడు ఆ సందుల్లోని పిల్లలే ఇంగ్లీషు కాగితం ముందు మనలాగే నిలబడ్డారు. కాలం భలే తమాషా చేస్తుంది.

1940లో భీము మరణం తరవాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. ఆయన సలహాతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ మొదలైంది. గోండీలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. మొదట తన మాటలో చదవడం, తరవాత రాజ్య భాషలోకి వెళ్ళడం అన్నది అక్కడి వరస. అన్నం పెట్టేవాడి చేతిని చూసినట్టు హైమన్‌డార్ఫ్‌ను చూడవలసిన పని లేదు, ఆయన వచ్చింది తిరుగుబాటు మళ్ళీ రాకుండా చూడడానికి కూడా. కానీ ఆ వరస సరైనది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టినప్పుడు వెతుక్కున్నదీ ఆ దారినే. ఈ రెండూ చిన్న తరగతులకే ఆగిపోయాయి. ఉన్నత పాఠశాలకు వచ్చేసరికి ఇంటి భాషకు గేటు దగ్గరే సెలవు.

అక్కడే అసలు నష్టం జరుగుతోందని మా అభిప్రాయం. ఇంగ్లీషు వాక్యానికి అర్థం తేల్చడానికి పిల్ల చేతిలో ఉన్న పనిముట్టు తన భాషే. ఒక ఉదాహరణ చూడండి. ఇంగ్లీషులో 'వి' అనే ఒక్క మాటకు తెలుగులో రెండున్నాయి: మనం, మేము. వినేవాడు లోపల ఉంటే మనం, బయట ఉంటే మేము. ఉర్దూలో ఇంగ్లీషులాగే ఒకటే: హమ్. రాజ్యాంగ పీఠిక ఇంగ్లీషులో 'వి' అని మొదలవుతుంది, తెలుగులో దాన్ని 'మేము' అన్నారు. ఆ 'వి'లో మనం లోపలున్నామా, బయటున్నామా అనే ప్రశ్న ఇంగ్లీషులోనే చదివితే తట్టనైనా తట్టదు. తెలుగులో పెట్టి చూసిన పిల్లకు తట్టుతుంది. ఫ్యాక్టరీ వాళ్ళు ఇచ్చే రంగుల పుస్తకంలో 'వి కేర్' అని ఉంటే, మనమా మేమా అని అడగవలసింది మన పిల్లలే. తన భాషను పక్కన పెట్టి ఇంగ్లీషు చదవమంటే, గొడ్డలి ఇంట్లో పెట్టి కట్టెలకు పొమ్మన్నట్టు.

పక్కన పెట్టించడం మాత్రమే కాదు, సిగ్గుపడేలా చేస్తాం. పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో కెన్యా పర్యావరణ ఉద్యమకారిణి వంగారి మాథాయ్ ఇంటర్వ్యూ పాఠంగా ఉంది. 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినావిడ. చెట్లు నాటిన సంగతే పాఠంలో చెబుతాం. తన ఆత్మకథలో ఆవిడ ఇంకో సంగతి చెప్పింది: హాస్టలు బడిలో మాతృభాష మాట్లాడుతూ దొరికిన పిల్ల ఒక బిళ్ళ తగిలించుకుని తిరగాలి, తన భాష మాట్లాడి దొరికిన మందమతినని దాని మీద రాసి ఉండేదట. మన హాస్టళ్ళలో బిళ్ళ లేదు గానీ అయిదు రూపాయల జరిమానా పెట్టిన చోట్లు మాకు తెలుసు. జరిమానాకు భయపడిన పిల్ల మొట్టమొదట వదిలేసేది 'అర్థం కాలేదు' అనే మాటనే. ఎందుకంటే ఆ మాట చెప్పడానికి కూడా ఇంగ్లీషు కావాలి.

ఇక్కడ మాతో వాదించేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో బలముంది. పిల్ల ముందు గొంతు విప్పనీ, ధైర్యం రానీ, అర్థం మెల్లగా వస్తుంది అంటారు. నిజమే, పాట ముందు నోటికి వచ్చి తరవాత మనసుకు ఎక్కుతుంది. ఇంటర్వ్యూలో గడగడా చదివినవాడికే ఉద్యోగం ఇస్తారు గదా అంటారు. అదీ కొంత నిజం. మేము అడిగేది ఒక్కటే: 'అర్థం తరవాత వస్తుంది' అన్నారు గదా, ఆ తరవాత ఏ తరగతిలో ఉంది? ఆరులో లేదు, ఎనిమిదిలో లేదు, పదిలో గైడు ఉంది. ఇక ఇంగ్లీషు నేర్చుకోవడమే లొంగిపోవడం అనే వాదన ఒకటుంది. దాని మీద ఎక్కువసేపు ఉండం. ఆ ఉపన్యాసం ఇచ్చేవాళ్ళ పిల్లలు ఏ మీడియంలో చదువుతున్నారో చూస్తే చాలు.

మధ్యలో బడి మానేసే పిల్లల సంగతి మాత్రం ఆగి చూడాలి. నూరేళ్ళ కిందట ఢాకాలో టీచర్ల శిక్షణ కళాశాల నడిపిన మైకేల్ వెస్ట్ అనే ఆయన, బెంగాల్ పిల్లల గురించి 1926లో ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో ఆయన బీమా కంపెనీల మాట ఒకటి వాడాడు: సరెండర్ విలువ. ఎల్‌ఐసీ పాలసీ మధ్యలో ఆపేస్తే చేతికి ఎంత వస్తుందో అది. పిల్ల ఏడులోనో తొమ్మిదిలోనో మానేస్తే, అంతవరకు నేర్చిన ఇంగ్లీషు వల్ల ఆమె చేతికి ఏం వస్తుంది? మాట్లాడడం సగంలో ఆగితే ఏమీ మిగలదు, అర్థం చేసుకుని చదవడం కొంత వచ్చినా జీవితాంతం పనికొస్తుంది, కాబట్టి చదవడమే ముందు నేర్పాలని ఆయన వాదన. ఆయన వలస పాలకుల మనిషి, మాట్లాడడాన్ని వెనక్కి నెట్టడం మాకు పూర్తిగా నచ్చదు. కానీ మన తండాల్లో, గూడేల్లో తొమ్మిదితో ఆగిపోయి పెళ్ళయిన ఆడపిల్లను చూసినప్పుడు ఆ ప్రశ్న పీడిస్తుంది. పైకి చదవడం మాత్రమే నేర్చిన పాలసీకి సరెండర్ విలువ సున్నా. మందు సీసా మీద చీటీ చదువుతుంది, ఎన్ని పూటలు వేయాలో తెలియదు.

వెస్ట్ పట్టుకున్న ఇంకో సంగతి, పుస్తకంలో పేజీకి కొత్త మాటలు మరీ ఎక్కువ ఉండడం. ఆయన మాటల సంఖ్య తగ్గించి వాచకాలు రాశాడు. తరవాతి పరిశోధకులు దీన్ని కొలిచారు. 2000లో హూ, నేషన్ అనే ఇద్దరు తేల్చిందేమంటే, ఎవరి సాయం లేకుండా ఒక కథ బాగా అర్థం కావాలంటే అందులో నూటికి తొంభై ఎనిమిది మాటలు ముందే తెలిసి ఉండాలి. అంటే యాభై మాటలకు ఒక కొత్త మాట. మన తొమ్మిదో తరగతి వాచకంలో ఏదో ఒక పేజీ తెరిచి, తెలియని మాటల కింద పెన్సిలుతో గీత గీయమని పిల్లలకు చెప్పండి. వరసకు రెండో మూడో గీతలు వస్తాయి. ఆ పేజీతో సాధన చేయించడం ఈత రానివాణ్ణి ప్రాణహితలో దించడమే. ఆ పిల్లకు అయిదో తరగతి పుస్తకం ఇవ్వాలి, సిగ్గుపడకుండా తీసుకునేలా ఇవ్వాలి. ఇందులో అవమానం ఏమీ లేదని పిల్లకు నచ్చజెప్పడం తేలికే. మాకు ఎదురైన చిక్కు పెద్దవాళ్ళతో వచ్చింది.

తెలిసిన కథను ఇంగ్లీషులో చదివించడం ఇంకో దారి. పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో పి. సత్యవతి గారి కథ ఉంది, తెలుగులో 'ఇల్లలకగానే' అని అందరికీ తెలిసినదే. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఆడమనిషి కథ. ముందు తెలుగులో చెప్పి, పిల్లల చేత తమ ఇంటి భాషలో చెప్పించి, ఆ తరవాత ఇంగ్లీషు పేజీ తెరిస్తే పిల్లలు వాక్యాల్లో కథను గుర్తుపడతారు. 'ఇది ముందే చెప్పేయడం కదా, వాళ్ళు చదివినట్టు ఎలా అవుతుంది?' అని ఒక సహోద్యోగి అడిగారు. దారి తెలిసిన అడవిలో నడిచినా కాళ్ళు మనవే గదా అన్నాం. ఆయన ఒప్పుకోలేదు. ఆ వాదన ఇంకా నడుస్తోంది.

టీచరుకు పిల్లల భాష రాకపోతే ఎలా అన్నది అందరూ అడిగేదే. పాతబస్తీలో మాకు ఎదురైనదీ అదే, మాకు వచ్చిన ఉర్దూ బజారు వరకే. అప్పుడు ఇద్దరు పిల్లలను లేపాం. ఒకరు చదివిన పేరాను దక్కనీలో ఇంకొకరికి చెప్పాలి, ఆ రెండో పిల్ల తను విన్నదాన్ని వచ్చీరాని తెలుగులో మాకు చెప్పాలి. దారిలో ఏదో ఒకటి జారిపోయేది. ఎక్కడ జారిందో వెతకడానికి మళ్ళీ ఇంగ్లీషు వాక్యం దగ్గరకు వెళ్ళేవాళ్ళం. ఆ వెతుకులాటలోనే 'అన్‌లెస్', 'అన్‌టిల్', 'మే', 'షల్' లాంటి చిన్న మాటలు మొదటిసారి పిల్లల కంటబడ్డాయి. చట్టం కాగితాల్లో ప్రాణమంతా ఉండేది ఆ చిన్న మాటల్లోనే, గైడులో అర్థాలు రాయనిదీ వాటికే. అదే పనిని తరవాత ఉట్నూరు వైపు బడుల్లో గోండీ, కొలామీ పిల్లలతో చేశాం. అక్కడ మూడో పిల్లవాడు కావలసి వచ్చాడు, ఎందుకంటే కొలామీ నుంచి గోండీకి, గోండీ నుంచి తెలుగుకు రావాలి. గోల గోలగా ఉండేది. పక్క క్లాసు టీచరు తలుపు దగ్గరకు వచ్చి చూసి వెళ్ళారు.

ఒక రోజు భూసేకరణ చట్టంలోని నాలుగు వరుసలను నల్లబల్ల మీద రాసి ఇదే సాధన చేయించాం. 'కన్సెంట్' దగ్గర ఒక పిల్లవాడు లేచి, ఒప్పుకున్నామని ఊరి తరఫున ఎవరు చెప్పాలి సార్, ఎంతమంది చెబితే ఒప్పుకున్నట్టు అని అడిగాడు. ఆ నాలుగు వరుసల్లో దానికి జవాబు లేదు. మా దగ్గరా లేదు. తెలియదని అదే బల్ల ముందు నిలబడి చెప్పి, పుస్తకం మొత్తం తెచ్చి నిర్వచనాల భాగం నుంచి పిల్లలతో కలిసి చదవడం మొదలుపెట్టాం. మూడు పీరియడ్లు పట్టింది. ఆ వారం సిలబస్ వెనకబడింది, హెడ్మాస్టరు గారికి సంజాయిషీ రాసిచ్చాం.